పాల చెట్టు ప్రాజెక్టు డైరీ: సపోటా మోడు నుంచి ఇసుక నేల దాకా

2024 మే 19, ఆదివారం

మా పెరట్లోని సపోటా చెట్టు నాయన చేత్తో నాటింది. కడియం అంట్లు వేసుకుని ఊళ్లమ్మట తిరిగే లారీ దగ్గర 2006లో కొన్నాడు. నాయన పోయాక కూడా ఏటా బుట్టల కొద్దీ కాసింది. మొన్న డిసెంబరులో మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటకముందు మా వైపు కూడా గాలీవానా విడవకుండా కొట్టాయి. ఆ రాత్రే చెట్టు విరిగింది. మోకాలి కంటే కిందుగా, సరిగ్గా అంటు కట్టిన చోట.

మోడు తవ్వించడానికి మనసొప్పక అలాగే వదిలేశాను. మార్చి నెలాఖరుకు దాని మొదట్లోంచి చిగుళ్లు లేచాయి. సపోటా మళ్లీ వస్తోందని అమ్మ రోజూ నీళ్లు పోసింది. ఈ రోజు తీరిగ్గా కూర్చుని చూస్తే ఆకు వేరుగా ఉంది. సపోటా ఆకు కొస సన్నగా సాగి ఉంటుంది. ఈ ఆకు కొస గుండ్రం, ఆ గుండ్రం మధ్యలో గోటితో నొక్కినట్టు చిన్న గంటు. పట్టుకుంటే తోలులా దళసరి. గిల్లితే తెల్లటి పాలు. అమ్మని పిలిచి చూపిస్తే ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"ఇది పాల చెట్టురా అబ్బయ్యా. చిన్నప్పుడు ఈ పండ్ల కోసం మేం తన్నుకునేవాళ్లం."

అప్పుడు అర్థమైంది. మన దగ్గర సపోటా అంట్లు ఎక్కువగా పాల మొక్క మీదే కడతారు. రెండూ ఒకే కుటుంబం. సపోటా మెక్సికో, మధ్య అమెరికా వైపు నుంచి వచ్చిన చెట్టు, పాల ఇక్కడి చెట్టు. వేరు దీనిది, కాయ దానిది. పైన సపోటా బతికినన్నాళ్లూ కిందున్న చెట్టు ఊసే ఎవరికీ ఉండదు. పదిహేడేళ్లు మాకు సపోటాలు మోసిన వేరు ఇప్పుడు తన ఆకు తాను వేసుకుంటోంది.

ఊరి తూర్పున, పులికాట్ వైపు మాకు ముప్పై సెంట్ల ఇసుక నేల ఉంది. సరుగుడు కొట్టేశాక మూడేళ్లుగా బీడు. అందులో పాల చెట్లు పెంచాలని నిర్ణయం. అంట్ల కోసం కాదు, పాల చెట్టు పాల చెట్టుగానే పెరగడానికి. చేసిన ప్రతి పనీ ఇందులో రాసుకుంటాను.

2024 మే 26

సూళ్లూరుపేట బస్టాండు దగ్గర పాల పండ్లు దొరికాయి. ఏటా ఎండాకాలంలో ఒకరిద్దరు అమ్ముతారు, నెల తిరిగేసరికి కనిపించరు. తట్టలో పసుపుపచ్చటి పండ్లు, పైన టేకాకు కప్పి, గ్లాసుతో కొలిచి ఇస్తోంది ఒక పెద్దామె.

"ఇయ్యి పొద్దన్నే ఏరినియ్యి సామీ, నిన్నటియ్యి గావు" అంది.

విత్తనాలకని చెబితే తట్టలో చెయ్యి పెట్టి బాగా మగ్గిన వాటిని ఏరి వేరే పెట్టింది. పది గ్లాసులు తీసుకున్నాను. "గింజ ఎండబెట్టబాకు, ఎండితే లేవదు" అని తనే చెప్పింది. ఇంటికొచ్చాక చదివిన వ్యవసాయ పాఠంలోనూ అదే ఉంది: పాల గింజ ఎక్కువ రోజులు నిలవ ఉండదు, పండు తిన్న వారంలోపు నాటేయాలి.

పండు సంగతి. వేపపండు కంటే కాస్త పెద్దది, అదే కోల ఆకారం, పసుపు రంగు. నోట్లో వేసుకుంటే ముందు తీపి, తర్వాత పాలు. నాలుగు తినేసరికి పెదాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. పాపకి ఆ అతుక్కోవడమే సరదాగా ఉంది. ఒక రోజు నీడన ఆరబెట్టి తింటే జిగురు తగ్గి తీపి పెరుగుతుందని అమ్మ చెప్పింది. గుజరాత్‌లో దీన్ని రాయణ్ అంటారు, ఎండబెట్టి ఏడాది పొడవునా అమ్ముతారు. మనకి ఆ అలవాటు లేకపోవడం వల్లే ఈ పండు నెల రోజుల ముచ్చటగా మిగిలింది.

గింజలు బూడిదలో వేసి రుద్ది కడిగాం. గింజ చూడముచ్చటగా ఉంది: ముదురు ఎరుపు కలిసిన గోధుమ రంగు, నూనె రాసినట్టు నిగనిగ, ఒక పక్క అడుగున లేతరంగు మచ్చ. పండు కండ నుంచి విడివడిన చోటు అదే. నీళ్లలో వేస్తే తేలినవి పక్కకు, మునిగినవి 180.

2024 జూన్ 2

పెంకు గట్టిది కాబట్టి మూడు రకాలుగా పెట్టి చూడాలనుకున్నాను.

మొదటి 60 గింజలు ఏమీ చేయకుండా ఒక రాత్రి నీళ్లలో నానబెట్టినవి. రెండో 60 ఉప్పు కాగితం మీద మచ్చ లేని వైపు రుద్ది, లోపలి తెలుపు కనీ కనిపించనంత వరకు అరగదీసి నానబెట్టినవి. ఇది వేళ్ల నొప్పి పని, పాప, నేను, మా ఆవిడ ముగ్గురం కూర్చుంటే ఒక పూట పట్టింది. మూడో 60 గింజలను చిన్న సుత్తితో మెల్లగా తట్టి పెంకు చిట్లించినవి. దెబ్బ కాస్త గట్టిగా పడితే పప్పు నలిగిపోతుంది. ఏడు అలా పోయాయి, తేలిన వాటిలోంచి బాగున్నవి ఏరి లెక్క సరిచేశాను.

మట్టి: రెండు పాళ్లు మా ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, చారెడు వేపపిండి. వెడల్పు ట్రేల్లో గింజను దాని మందమంత లోతులోనే పెట్టి, పైన ఇసుక చల్లి, కొబ్బరి మట్ట కప్పాను. పొద్దున, సాయంత్రం పూల క్యానుతో తడపడం పాప పని.

2024 జూన్ 30

నాలుగు వారాలు. ఒక్కటీ లేవలేదు. గింజ తీసి చూద్దామని చెయ్యి లాగుతోంది, తీయలేదు.

కాస్త టెన్షన్ పట్టి, ఎందుకైనా మంచిదని ఒక నర్సరీకి వెళ్లి పాల మొక్కలు అడిగాను. వెళ్లాకే ఈ పేరు ఎంత చిక్కో తెలిసింది. ముందు సపోటా అంట్లు చూపించారు, ఎందుకంటే సపోటాలో "పాల" అనే రకం ఒకటుంది, కోలగా చిన్న కాయలు కాసే రకం. అది కాదంటే ఏడాకుల పాల చూపించారు. అది వేరే కుటుంబం, రోడ్ల పక్కన నీడకి వేసే పెద్ద చెట్టు. ఇవి కాక కొడిసె పాల ఉంది, అంకుడు చెట్టునీ కొన్నిచోట్ల పాల అనే అంటారు. ఏటికొప్పాక బొమ్మలు చేసే కర్ర అదే. గిల్లితే పాలు కారే చాలా చెట్లకి మనవాళ్లు అదే పేరు పెట్టారు.

చివరికి లోపలి నుంచి అబ్బాయి ఐదు మొక్కలు తెచ్చి "ఇదే సార్ పండ్ల పాల" అన్నాడు. ఆకు గిల్లితే పాలొచ్చాయి. ఒక్కోటి నలభై రూపాయలు ఇచ్చి తెచ్చాను. అమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "పొగడ మొక్కలు తెచ్చావేందిరా?" ఆకు అంచు అలలా వంకరగా ఉంది, కొస సూదిగా ఉంది. పొగడే. పాలకి దగ్గర చుట్టం కాబట్టి లేత మొక్కలో నేను పోల్చుకోలేకపోయాను. తప్పు నాది, కొనేముందు కొస చూడాలి. పొగడ కూడా ఈ తీరపు అడవి చెట్టే, కాబట్టి అవీ మా నేలలోకే వెళతాయి.

ఇలాంటి చోటే శాస్త్రీయ నామం అక్కరకొస్తుంది. పాలకి పెట్టిన పేరు మనిల్కారా హెక్సాండ్రా. హెక్సాండ్రా అంటే ఆరు కేసరాలది అని. ఆ మాట పెట్టినవాడు వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్. 1780ల్లో మన సామర్లకోటలో ఉండి ఈ తీరం మొక్కల బొమ్మలు గీయించినవాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన పుస్తకం మొదటి సంపుటి 1795లో లండన్‌లో అచ్చయింది, అందులో పాల చెట్టు ఉంది. అంటే ఈ చెట్టుకి శాస్త్రీయ నామం దక్కింది మన తీరం నుంచే.

2024 జులై 14

లేచింది! 42వ రోజు.

పొద్దున్నే కొబ్బరి మట్ట తీసేసరికి ఉప్పు కాగితం ట్రేలో ఒక చోట ఇసుక పగిలి ఉంది. అగ్గిపుల్లంత లావు కాడ, లేత ఆకుపచ్చ, గేదె మెడలా వంగి ఉంది. సాయంత్రానికి సగం నిటారైంది. తల మీద పెంకు అలాగే ఉంది, టోపీ పెట్టుకున్నట్టు. పెంకు చీలికలోంచి లోపల మడత పెట్టిన రెండు బీజదళాలు కనిపిస్తున్నాయి, కాగితమంత పలచన. పాప పెంకు లాగబోతే ఆపాను. బలవంతాన లాగితే ఆ దళాలు చినిగిపోతాయి, మొక్కకి మొదటి తిండి వాటి నుంచే. పెంకు మీద నీళ్లు చిలకరించి వదిలేశాం. (మర్నాడు చేర్చింది: పొద్దుటికి అదే ఊడి పక్కన పడింది.)

2024 ఆగస్టు 25

లెక్క తేలింది. ఇక లేచేవి లేవని అనుకుంటున్నాను.

ఏమీ చేయనివి 60లో 11. ఉప్పు కాగితంతో రుద్దినవి 60లో 31. చిట్లించినవి 60లో 22, కానీ మొదలయ్యాక ఇవే గబగబా లేచాయి. మిగతావి తవ్వి చూస్తే చీలికలోంచి బూజు దూరి లోపల కుళ్లిపోయాయి. ఒక ఇంటి ప్రయోగంతో పెద్ద మాట చెప్పను గానీ, వచ్చే ఏడు మొత్తం ఉప్పు కాగితమే. వేళ్లు నొప్పి పుట్టినా సరే.

మొత్తం 64. వాటిలో ఆరు నారుకుళ్లుతో మొదట్లో నల్లబడి పడిపోయాయి. నీళ్లు రోజుకి ఒక్కసారికి తగ్గించి, ట్రైకోడెర్మా అనే మేలు చేసే శిలీంధ్రం కలిపిన నీళ్లు పోశాక ఆగింది. 58 మొక్కలు సంచుల్లోకి మార్చాను. నా దగ్గరున్నవి ఎనిమిది అంగుళాల లోతు సంచులు.

2024 అక్టోబరు 20

గురువారం, 17న, తెల్లవారుజామున వాయుగుండం తడ దగ్గర తీరం దాటింది. ముందు రోజు నుంచే కుండపోత. పెరట్లో నీళ్లు నిలిచి సంచులు సగానికి మునిగాయి. రాత్రి పూట టార్చి పట్టుకుని నేనూ మా ఆవిడా అరుగు మీదకి మోశాం గానీ అన్నీ మొయ్యలేకపోయాం. నీళ్లలో రెండు రోజులు ఉండిపోయినవి తొమ్మిది. ఆకు రాల్చకుండా నిలబడే ఎండిపోయాయి.

పాల ఎండకి ఓర్చుకుంటుంది, ఉప్పు గాలికి ఓర్చుకుంటుంది. లేత మొక్క నిలవ నీటికి మాత్రం ఓర్చుకోదు. సంచుల కింద ఇటుకలు వరసగా పేర్చి, మధ్యలో కాలువ తీశాను. ముందే చేయాల్సిన పని. 49 మిగిలాయి.

2025 జనవరి 29, బుధవారం

పొద్దున 6 గంటల 23 నిమిషాలకి శ్రీహరికోట నుంచి జీఎస్‌ఎల్‌వీ ఎఫ్15 వెళ్లింది. అక్కడి నుంచి అది వందో ప్రయోగం. అందరం మేడ మీదకి ఎక్కాం. ముందు వెలుగు, ఆ తర్వాత కాసేపటికి చప్పుడు, కిటికీ అద్దాలు గలగలమన్నాయి. పాప రాకెట్ చూస్తుంటే నేను దాని కింద నల్లగా కనిపిస్తున్న చెట్ల గీతను చూస్తున్నాను.

1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు, 1971 అక్టోబరు 9న మొదటి చిన్న రాకెట్ వెళ్లింది. అప్పటి నుంచి రాకపోకలు కట్టడి. పులికాట్‌కీ సముద్రానికీ మధ్య ఉన్న ఆ ఇసుక దీవిలో, ఏడాదంతా పచ్చగా ఉండే పొడి అడవి అందువల్లే నిలిచింది. ఇక్కడి నుంచి కింద రామనాథపురం దాకా తీరమంతా ఒకప్పుడు ఇలాంటి అడవే. ఇప్పుడు చాలాచోట్ల గుళ్ల చుట్టూ, చిట్టడవుల్లో ముక్కలు ముక్కలుగా మిగిలింది. తక్కిన చోట్ల సరుగుడు, జీడిమామిడి, రొయ్యల చెరువులు వచ్చాయి. మా ముప్పై సెంట్లలోనూ సరుగుడే ఉండేది కదా.

మొక్కల సంగతి: ఎత్తు మూడు నాలుగు అంగుళాలు, ఒక్కోదానికి ఐదారు ఆకులు. ఇంత నెమ్మది ఏమిటని దిగులు పడుతుండగా ఒక సంచి చిరిగింది. మట్టి దులిపి చూస్తే, పైన నాలుగు అంగుళాల మొక్కకి కింద వేరు సంచి అడుగు దాకా వెళ్లి, దారి లేక మెలి తిరిగి మళ్లీ పైకి వస్తోంది. కొలిస్తే పదకొండు అంగుళాలు. మొక్క ఆగిపోలేదు, కిందికి పెరుగుతోంది. పైకి పెరగడానికి ముందు నీటిని వెతుక్కుంటోంది. సంవత్సరంలో సగం పైగా వాన లేని ఇసుకలో బతకాల్సిన చెట్టు ఇంకెలా ఉంటుంది!

సంచుల తప్పు నాదే. వెంటనే పద్నాలుగు అంగుళాల లోతు సంచులు తెప్పించి అన్నీ మార్చాను. మెలితిరిగిన వేరు కొసను పదునైన బ్లేడుతో ఒక్క కోత కోసి దించాను. అలా వదిలేస్తే పెద్దయ్యాక ఆ మెలిక చెట్టునే బిగిస్తుంది.

2025 ఫిబ్రవరి 16

నేలపట్టు పక్షుల అభయారణ్యానికి వెళ్లొచ్చాం. అందరూ గూడబాతుల కోసం వెళతారు, నీళ్లలో కడప అనే చెట్ల మీద వాటి గూళ్లు చూడ్డానికి. చూడాల్సిన దృశ్యమే. నేను మాత్రం చెరువు పక్కన మెట్ట మీదున్న చిట్టడవి కోసం వెళ్లాను, ఎందుకంటే అక్కడ పాల చెట్లు ఉన్నాయి.

నాటేముందు చెట్టు తన ఇంట్లో ఎవరితో ఉంటుందో చూడాలి. పాల ఒంటరిగా లేదు. చెట్లన్నీ పొట్టివే, తాటిచెట్టులో సగం కూడా లేవు, కానీ తలలు ఒకదానిలో ఒకటి దూరి చిక్కగా కప్పేశాయి. కింద నేల చల్లగా ఉంది, ఎండాకు చీలమండ దాకా. పాల పక్కన అల్లి, కలివి పొదలు, అడవి నిమ్మ, నేరేడు, వాటి మధ్య అల్లుకున్న తీగలు. ఆకులన్నీ పాల ఆకులాగే దళసరి, మెరుపు. ఎండ తగిలినా నీరు పోనివ్వని ఆకులు. శ్రీలంకలో పొడి ప్రాంతపు అడవుల్లోనూ ఇదే చెట్టు, అక్కడ పలు అంటారు. యాలా అడవిలో జూన్, జులైల్లో పలు పండ్ల కోసం ఎలుగుబంట్లు చెట్లెక్కుతాయి.

అభయారణ్యంలో గింజ కూడా ఏరకూడదు. చూసి, రాసుకుని వచ్చాను. తీసుకున్న నిర్ణయం ఒకటే: మా నేలలో పాల ఒక్కటే వరసల్లో వెయ్యను, తోడు మొక్కలతో కలిపి గుంపుగా వేస్తాను.

2025 ఏప్రిల్ 27

ఎండలు. షేడ్ నెట్ కట్టాను. పక్కింటి మేకలు తడిక దూరి మూడు మొక్కలు మొదటికి కొరికేశాయి. ఆ మూడూ మళ్లీ చిగురేశాయి. ఎండకి పోయినవి మాత్రం ఏడు, అన్నీ వేరు కోసి మార్చిన వాటిలోవే. 42.

2025 జూన్ 15

ఒకాయన వచ్చాడు. సపోటా అంట్లు కట్టిస్తాడట. పాల మొక్కలు దొరకడం కష్టంగా ఉందని, పెన్సిల్ లావు రావడానికి రెండేళ్లు పడుతుంది కాబట్టి ఎవరూ పెంచడం లేదని చెప్పాడు. ఇంకో ఏడాది ఆగి మొత్తం కొంటానన్నాడు. మంచి ధరే చెప్పాడు. మర్యాదగా కాదన్నాను. ఆయన పని తప్పు కాదు, ఆ పని వల్లే మా ఇంట పదిహేడేళ్లు సపోటాలు తిన్నాం. కానీ ఈ 42 అందుకు కాదు. వచ్చే ఏడు ఆయన కోసం వేరే గింజలు నాటి ఇస్తానన్నాను, దానికి ఒప్పుకున్నాడు.

సాయంత్రం అమ్మ పుట్టిన ఊరు వెళ్లాం. ఊరి బయట గ్రామదేవత గుడి వెనక ముసలి పాల చెట్టు ఉంది. పెద్ద ఎత్తేమీ కాదు, కానీ మొదలు చుట్టూ నేనూ పాపా చేతులు చాపితే ఇద్దరం కలిసి అందుకున్నాం. బెరడు ముసలి మొసలి వీపులా పగుళ్లు. నేల నిండా రాలిన పండ్లు, పికిలిపిట్టలు, గోరింకలు అరుస్తున్నాయి. ఆ చెట్టు కర్రతోనే ఒకప్పుడు అమ్మమ్మగారింట్లో రోకలి చేయించారట, గాలికి విరిగిన కొమ్మతో. పాల కర్ర నీళ్లలో వేస్తే మునుగుతుంది, అంత బరువు. రోకళ్లకీ, గానుగలకీ వాడేవారు. ఆ రోకలి ఇప్పటికీ ఉందేమోనని అమ్మ అడిగింది. మేనమామ కొడుకు అటక మీంచి దించాడు. ఒక చేత్తో ఎత్తలేకపోయాను. మధ్యలో పట్టుకునే చోట చేతులు తగిలి తగిలి లోతుగా అరిగి ఉంది. అమ్మ ఆ చోట చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

"తీసుకెళ్లత్తా" అన్నాడు వాడు. అమ్మ వద్దంది. "ఇక్కడే ఉండనీ నాయనా, చెట్టు ఇక్కడ కదా ఉంది."

ఆ చెట్టు కింద ఏరిన పండ్లు రెండు డబ్బాలు తెచ్చాం. గింజలు 210, అన్నీ ఉప్పు కాగితానికి.

2025 అక్టోబరు 19, ఆదివారం

నాటాం.

ఎప్పుడు నాటాలన్నది ముఖ్యం. మాకు ప్రధానమైన వాన నైరుతిది కాదు, ఈశాన్య రుతుపవనానిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్‌లో నాటితే నాలుగు జల్లులు పడి తర్వాత ఎండ కాల్చేస్తుంది. అక్టోబరు మధ్యలో నాటితే రెండున్నర నెలల వాన, ఆ తర్వాత చలికాలం. వేరు లోపలికి దిగడానికి ఎండాకాలం లోపు నాలుగైదు నెలలు దొరుకుతాయి.

గుంతలు రెండు వారాల ముందే తీయించాను, అడుగున్నర వెడల్పు, రెండడుగుల లోతు. ఇసుకలో గోడలు కూలుతుంటాయి కాబట్టి తడిపి తవ్వాలి. అడుగున ఎండాకు, మాగిన ఎరువు, పిడికెడు వేపపిండి. ముప్పై సెంట్లలో దిబ్బలా కాస్త మెరకగా ఉన్న భాగంలోనే పాల, పల్లంలో నేరేడు. పాలకీ పాలకీ మధ్య పన్నెండు అడుగులు, మధ్య ఖాళీల్లో అల్లి, కలివి, నిరుడు పొరపాటున వచ్చిన ఐదు పొగడలు.

పాల మొక్కలు ఇప్పుడు జానెడు నుంచి జానెడున్నర. పదహారు నెలల మొక్కలంటే ఎవరూ నమ్మరు. సంచి అడుగు బ్లేడుతో కోసి, మట్టిముద్ద విరగకుండా చేతుల్లో దించాం. లోతు సంచుల్లో వేర్లు నిటారుగా దిగి ఉన్నాయి, ఒక్కటీ మెలిక లేదు. అది చూడగానే ఏప్రిల్‌లో పోయిన ఏడింటి బాధ కొంత తగ్గింది.

36 నేలలో పెట్టాం. నాలుగు పాప వాళ్ల బడికి, నాటే చోటు వాళ్ల సారే చూపించారు. ఒకటి అమ్మ పుట్టింటికి, ముసలి చెట్టు పక్కన. ఒకటి మిగిలింది. బస్టాండు దగ్గర పండ్లమ్మే ఆమెకి ఇద్దామని రెండుసార్లు వెళ్లాను. ఇది పండ్ల కాలం కాదు, ఆమె లేదు. మే దాకా ఆ మొక్కని సంచిలోనే కాపాడాలి.

2025 నవంబరు 16

నాలుగు వారాలు. 36లో 34 నిలిచాయి. రెండు చెదలు తిన్నాయి, పాదు తీసి చూస్తే సగం మాగిన ఎరువు ముద్ద కనిపించింది, చెదలు అక్కడి నుంచే వచ్చాయి. మిగతా పాదుల్లో ఎరువు తడిమి చూసి, పచ్చిగా ఉన్నది తీసేశాను. మేకలకి అడ్డంగా తాటిమట్టలతో ప్రతి మొక్క చుట్టూ దడి కట్టడం సగం అయింది, పదిహేడు మిగిలాయి.

జూన్‌లో వేసిన కొత్త గింజల్లో 210కి 97 లేచాయి. వాటిలో 60 అంట్లాయనకి, మిగతావి మాకు. ఈసారి మొదటి నుంచే పద్నాలుగు అంగుళాల సంచులు, ఇటుకల మీద.

పెరట్లో మోడు చిగుళ్లలో లావుగా ఉన్న మూడింటిని ఉంచి తక్కినవి కత్తిరించాను. పెద్దది నా భుజం దాటింది. సొంతంగా గింజ నుంచి వచ్చినవి జానెడున్నర దగ్గర ఉంటే ఇది ఇంత ఎత్తు వచ్చిందంటే, కింద నాయన నాటిన వేరు ఎంత దూరం పోయి ఉందో. ఇది పూత కాలం. ఆకుల మొదట్లో ఏమైనా మొగ్గలు ఉన్నాయేమోనని అమ్మ రోజూ పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని కొమ్మ కొమ్మా వెతుకుతోంది. ఇంకా లేవు.

రేపు సాయంత్రం బడి నుంచి రాగానే మిగిలిన దడులు కట్టాలి. తాటిమట్టలు తెచ్చి పెట్టాను.